ఘాటీ రోడ్డును మొదటి రోజే కంప్యూటర్‌లో ఎక్కించండి: ఎలక్ట్రిక్ ఆటో కంపెనీలకు బహిరంగ లేఖ

ఎలక్ట్రిక్ ఆటోలు, చిన్న సరుకు బండ్లు తయారుచేసే కంపెనీల డిజైన్, సాఫ్ట్‌వేర్ విభాగాల అధిపతులకు,

నమస్కారం.

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో మీ బండ్లు రోజూ నడుస్తున్నాయి. పొట్టంగి మీదుగా సాలూరు దిగే ఘాటీలో, రాయగడ నుంచి పార్వతీపురం వచ్చే దారిలో, గుణుపురం, పర్లాకిమిడి సంతల చుట్టూ వాటిని నడిపేవాళ్లలో, బాగుచేసేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఈ ఉత్తరం రాస్తున్నవాళ్లలో ఆటో ఎలక్ట్రీషియన్లు, సర్వీస్ టెక్నీషియన్లు ఉన్నారు. ఇక్కడే చదువుకుని వాహనాల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు.

మా విన్నపం ఒక్కటే. సాఫ్ట్‌వేర్ పరీక్షను బండి తయారయ్యాక చివరి రెండు నెలల్లో పెట్టుకునే పద్ధతి మానండి. బండి ఏం చేయాలో కాగితం మీద రాసే రోజే దాన్ని ఎలా పరీక్షిస్తారో కూడా రాయండి. సెన్సర్లు, వైరింగ్, కంట్రోలర్ చిప్ ఖరారు కాకముందే ఆ పరీక్షల్ని కంప్యూటర్‌లో నడపండి. ఆ కంప్యూటర్‌లో ఉండే రోడ్డు మా ఘాటీ అయ్యుండాలి.

ముందు దిగుడు సంగతి చూడండి, ఎందుకంటే మైదానంలో గీసిన డిజైన్ ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఘాటీ దిగాక సాలూరు దగ్గర మైదానం అందులో నాలుగో వంతు ఎత్తు కూడా ఉండదు. కొండ మీద రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, తెల్లారాక నిండు బ్యాటరీతో సరుకు వేసుకుని కిందికి దిగడం ఇక్కడ మామూలు విషయం. మైదానంలో నిండు బ్యాటరీతో బయల్దేరిన బండి ముందు కరెంటు ఖర్చుపెడుతుంది, బ్రేకుల్లో వెనక్కి వచ్చేది తర్వాత సంగతి. ఇక్కడ మొదటి మలుపు నుంచే మోటారు జనరేటర్ అయి బ్యాటరీలోకి కరెంటు తోస్తుంది.

లెక్క వేద్దాం. సరుకుతో కలిపి 900 కిలోల బండి 600 మీటర్లు దిగిందనుకోండి. 900ను 9.8తో, 600తో హెచ్చిస్తే సుమారు 53 లక్షల జౌళ్లు, అంటే దాదాపు ఒకటిన్నర యూనిట్లు. టైర్ల రాపిడి, గాలి, మోటారు నష్టాలు పోగా సగమే వెనక్కి వచ్చినా 0.7 యూనిట్లు. 7.5 యూనిట్ల ప్యాక్‌లో అది పదో వంతుకు దగ్గర. పూర్తిగా నిండిన ప్యాక్‌లో దానికి చోటు లేదు. 16 ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ వరుసగా ఉన్న ప్యాక్‌లో సెల్‌కు పైహద్దు 3.65 వోల్టులు, మొత్తం 58.4. మిగతా పదిహేనూ హద్దులో ఉన్నా, ఒక్క సెల్ ముందుగా నిండి ఆ గీత దాటితే చాలు, బ్యాటరీని కాపలా కాసే ఎలక్ట్రానిక్ బోర్డు, అంటే బీఎంఎస్, ఛార్జింగ్ దారి మూసేస్తుంది. మోటారు కరెంటు పుట్టిస్తూ బండిని పట్టి ఉంచే రీజెన్ బ్రేకింగ్ మొత్తం ఆ క్షణమే పోతుంది.

ఆ సమయంలో బండిలో జరిగేది ఇది. ఆరు శాతం వాలులో, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర, ఆ 900 కిలోలను మోటారు దాదాపు 400 న్యూటన్ల బలంతో పట్టి ఉంచుతోంది. ఆ పట్టు ఒక్కసారిగా వదిలితే బరువంతా డ్రమ్ బ్రేకుల మీద పడుతుంది. డ్రైవర్ ఏమీ మార్చలేదు, అయినా బండి ముందుకు తోసుకుపోతుంది. మరోవైపు, మోటారు పుట్టిస్తున్న కరెంటుకు వెళ్లే దారి లేక, మోటారును నడిపించే కంట్రోలర్ లోపలి కెపాసిటర్ల మీద వోల్టేజ్ మిల్లీసెకన్లలో ఎగబాకుతుంది. ఓవర్‌వోల్టేజ్ అని కంట్రోలర్ తనను తాను ఆపేసుకుంటే, తాళం తీసి మళ్లీ పెట్టేదాకా మోటారు ఉండదు. అదంతా దిగుతున్న బండిలో.

ఇది సాఫ్ట్‌వేర్‌తో తీరే సమస్యే. ఎంత కరెంటు తీసుకోగలదో బీఎంఎస్ ఎప్పటికప్పుడు చెప్పాలి. దాన్ని చూసి కంట్రోలర్ రీజెన్‌ను మెల్లమెల్లగా తగ్గించాలి. పట్టు తగ్గబోతోందని డ్రైవర్‌కు ముందే బజర్ మోగాలి. కొండ మీద ఉండేవాళ్లకు ఛార్జింగ్‌ను 90 శాతం దగ్గర ఆపుకునే వీలు ఇవ్వాలి. అయితే దీనికి బీఎంఎస్ నుంచి కంట్రోలర్‌కు ‘ఛార్జ్ కరెంట్ పరిమితి’ అనే ఒక సందేశం వెళ్లాలి. మీరు కొన్న బీఎంఎస్ ఆ సందేశం పంపకపోతే, లేదా కంట్రోలర్ దాన్ని చదవకపోతే, బండి బయటికి వచ్చాక చేయగలిగింది చాలా తక్కువ. సరఫరాదారుతో ఒప్పందం రాసుకునే నెలలో తెలిస్తే అదొక ఈమెయిల్‌తో పోయే పని.

కంప్యూటర్‌లో ఈ తప్పు పట్టుకోవడానికి బండి అవసరం లేదు. సెల్స్ నమూనా, బండి బరువు, రోడ్డు వాలు ఫైలు, మీ కంట్రోలర్ కోడ్ చాలు. బయల్దేరేటప్పుడు ఛార్జ్ 100, 98, 95, 90 శాతం. ఉష్ణోగ్రత 5, 25, 45 డిగ్రీలు. సరుకు ఖాళీ, 300, 500 కిలోలు. సెల్స్ అన్నీ సమానంగా ఒకసారి, ఒక సెల్ 30 మిల్లీవోల్టులు ముందుండి ఒకసారి. మొత్తం 72 పరుగులు, ఒక మామూలు కంప్యూటర్‌కు ఒక రాత్రి పని. 5 డిగ్రీలు ఎందుకు పెట్టామంటే, సిమిలిగుడ, పొట్టంగి వైపు చలికాలం పొద్దున చలి గట్టిగా ఉంటుంది. ఆ చలిలో ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ తీసుకునే ఛార్జింగ్ కరెంటును చాలా బీఎంఎస్‌లు బాగా కుదించేస్తాయి. అంటే 85 శాతం ఛార్జ్‌తో బయల్దేరినా రీజెన్ దొరక్కపోవచ్చు.

ఇప్పుడు ఎక్కుడు. మలుపులో ఆగిన బండి మళ్లీ కదిలేటప్పుడు వెనక్కి జారకుండా మోటారే పట్టి ఉంచాలని చాలా డిజైన్లలో రాస్తారు. జారుతోందని సాఫ్ట్‌వేర్‌కు తెలియాలంటే చక్రం కదలిక తెలియాలి. మోటారులో నాలుగు జతల అయస్కాంత ధ్రువాలు, వాటి కదలికను గుర్తించే మూడు హాల్ సెన్సర్లు ఉంటే ఒక చుట్టుకు 24 మార్పులు వస్తాయి. గేరు నిష్పత్తి పదికి ఒకటి అయితే చక్రం ఒక చుట్టుకు 240. చక్రం చుట్టుకొలత 1.4 మీటర్లు అనుకుంటే, ఆరు మిల్లీమీటర్లు జారేసరికే ఒక మార్పు కనిపిస్తుంది, ఏ వైపు జారిందో కూడా తెలుస్తుంది. అదే ఖర్చు తగ్గించుకుందామని చక్రం దగ్గర చుట్టుకు నాలుగు పల్సులిచ్చే ఒంటి సెన్సర్‌ను నమ్ముకుంటే? 35 సెంటీమీటర్ల దాకా జారినా మొదటి పల్సు రాకపోవచ్చు, వచ్చినా ముందుకో వెనక్కో తెలియదు. వెనక ఇంకో బండి ఆనుకుని ఉండే మలుపులో 35 సెంటీమీటర్లంటే గుద్దుకోవడమే. ఎంత మంచి కోడ్ రాసినా ఆ సెన్సర్‌తో ఆ పని జరగదు. ఈ సంగతి సిమ్యులేషన్, అంటే కంప్యూటర్‌లో నమూనా బండిని నడిపే పరీక్ష, మొదటి వారంలో చెబుతుంది. బండి మీద పరీక్ష చెప్పేసరికి హార్నెస్ (బండిలోని వైర్ల కట్ట) అచ్చులు, బ్రాకెట్లు, చిప్ పిన్నులు అన్నీ ఖరారై ఉంటాయి.

అందుకే పరీక్ష ముందు రాయమంటున్నాం. పరీక్ష రాయడానికి కూర్చుంటే హార్డ్‌వేర్ లోటు బయటపడుతుంది. ‘బ్రేక్ నొక్కగానే మోటారు ఆగాలి’ అని రాసుకుంటే ఎవరూ దాన్ని పరీక్షించలేరు. ‘బ్రేక్ స్విచ్ మారిన 50 మిల్లీసెకన్లలో టార్క్ (మోటారు తిప్పే బలం) కమాండ్ సున్నా కావాలి, స్విచ్ వైరు తెగితే 200 మిల్లీసెకన్లలో గుర్తించి, వేగాన్ని 20 కిలోమీటర్లకు కట్టడి చేసి, డ్రైవర్‌కు దీపం చూపాలి’ అని రాయండి. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో 50 మిల్లీసెకన్లంటే 35 సెంటీమీటర్ల దూరం, కాబట్టి ఆ అంకె ఒప్పుకోదగ్గదో కాదో డ్రైవింగ్ తెలిసినవాళ్లు కూడా చెప్పగలరు. రెండో వాక్యం పరీక్షగా మార్చబోతే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: తెగిన వైరుకూ నొక్కని బ్రేకుకూ తేడా ఎలా తెలుస్తుంది? ఒకే కాంటాక్ట్ ఉన్న స్విచ్‌తో తెలియదు. ఒకటి తెరిచి, ఒకటి మూసి ఉండే రెండు కాంటాక్టుల స్విచ్ కావాలి. పరీక్ష రాసే మనిషి ఈ మాట స్విచ్ కొనకముందే అడగాలి.

థ్రాటిల్ (యాక్సిలరేటర్) కూడా అంతే. రెండు ట్రాకులు, అంటే రెండు విడి సిగ్నళ్లు, ఉన్న సెన్సర్ పెడతారు, రెండోది మొదటిదానిలో సగం వోల్టేజ్ ఇస్తుంది. రెండూ పొంతన కుదరకపోతే టార్క్ ఆపాలి. ప్రయోగశాలలో ఒక వైరు పీకి, బండి ఆగింది కదా అని పరీక్ష అయిపోయిందంటారు. ఘాటీలో వైరు అలా శుభ్రంగా తెగదు. గుంతల అదురుకు కనెక్టర్ పిన్ను ఐదు మిల్లీసెకన్లు వదిలి, మళ్లీ పట్టుకుని, మళ్లీ వదులుతుంది. వానాకాలంలో కనెక్టర్‌లోకి దిగిన నీటివల్ల రెండు ట్రాకుల మధ్య కొన్ని కిలో ఓమ్‌ల లీకేజీ వచ్చి, రెండూ కలిసి కదులుతాయి. రెండూ తప్పే, అయినా వాటి మధ్య పొంతన మాత్రం హద్దులోనే ఉండొచ్చు. సిమ్యులేషన్‌లో ఈ రకాలన్నీ పెట్టొచ్చు: తెగడం, భూమికి అంటడం, సప్లైకి అంటడం, 5 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా రకరకాల నిడివితో వదలడం, రెండు ట్రాకులు ఒకదానికొకటి అంటడం. ఒక్కోదానికి బండి ఏం చేయాలో ముందే రాసి ఉండాలి. ‘టార్క్ ఆపాలి’ అన్నది కూడా ఎప్పుడూ సరైన జవాబు కాదని ఇక్కడివాళ్లుగా గట్టిగా చెబుతున్నాం. నిటారు ఎక్కుడులో, సరుకుతో ఉన్న బండికి ఒక్కసారిగా టార్క్ సున్నా చేస్తే అది వెనక్కి దొర్లుతుంది. అర సెకను మేర మెల్లగా తగ్గించి, జారకుండా పట్టే పనిని మాత్రం ఉంచడం మేలు. ఇలాంటి తీర్పు వాలు ఉన్న నమూనాలో నడిపితేనే తేలుతుంది.

మీలో చాలామంది బీఎంఎస్ ఒకరి దగ్గర, మోటారు కంట్రోలర్ ఇంకొకరి దగ్గర, మీటర్ కన్సోల్ మూడోవారి దగ్గర, ఛార్జర్ నాలుగోవారి దగ్గర కొంటారు. ఎవరి పెట్టె వాళ్ల దగ్గర బాగానే పనిచేస్తుంది. కలిపినప్పుడే తేడా. ఉష్ణోగ్రతను ఒక బైటులో పంపేటప్పుడు 40 కలిపి పంపడం వాడుక, మైనస్ 40 కూడా పట్టాలి కాబట్టి. 45 డిగ్రీలను 85గా పంపుతారు. అందుకునేవాళ్లు 40 తీసేయడం మరిచిపోతే బ్యాటరీ 85 డిగ్రీలకు చేరిందనుకుని బండి ఆపేస్తారు. సెన్సర్ లేదని చెప్పడానికి 255 పంపుతారు. దాన్ని అంకెగా చదివితే 215 డిగ్రీలు. చలికాలం టెస్ట్ ట్రాక్‌లో మొదటి తప్పు బయటపడదు, ఎందుకంటే 20 డిగ్రీలు 60గా కనిపిస్తుంది, అది ఇంకా హద్దులోనే ఉంది. రాయగడలో మే నెల మధ్యాహ్నం బయటపడుతుంది.

ఈ తప్పు పట్టడానికి ఛాసిస్ అక్కర్లేదు. మొదటి నమూనా కంట్రోలర్లు రాగానే అన్నింటినీ ఒక బల్ల మీద, బండిలో ఉండేంత పొడవున్న అసలు హార్నెస్‌తో కలపండి. ఈ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జత వైర్లను క్యాన్ అంటారు, వాటి రెండు చివర్లా ఒక్కో రెసిస్టర్ ఉండాలి. పవర్ తీసి ఆ క్యాన్ వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివరి రెసిస్టర్ లేదు. 40 వస్తే ఎవరో అడగకుండా మూడోది పెట్టారు. పొట్టి వైరు మీద అది పనిచేసినట్టే ఉంటుంది, పొడవాటి వైరులో సందేశాలు చెడిపోతాయి. తర్వాత తాళం తిప్పినప్పుడు ఎవరు ముందు లేస్తారో కొలవండి. కన్సోల్ 300 మిల్లీసెకన్లలో లేచి, బీఎంఎస్ 800 మిల్లీసెకన్లకు లేస్తే, ఆ మధ్య అర సెకను ‘బ్యాటరీ లోపం’ అని ఎర్రదీపం వెలుగుతుంది. రోజూ పొద్దున అబద్ధపు ఎర్రదీపం చూసే డ్రైవర్ నిజంగా వెలిగిన రోజు కూడా పట్టించుకోడు. ఆ తప్పు డ్రైవర్‌ది కాదు. ఒక్కో పెట్టెను మధ్యలో పీకి చూడండి. బీఎంఎస్ ప్రతి 100 మిల్లీసెకన్లకు సందేశం పంపాల్సి ఉంటే, ఎన్ని రాకపోతే కంట్రోలర్ ఏం చేయాలో అంకెతో రాసి ఉందా?

బల్ల రాకముందు చేయగలిగింది ఇంకా చాలా ఉంది, దానికి ఖర్చు కూడా పెద్దగా లేదు. హార్డ్‌వేర్‌ను తాకే కోడ్‌ను ఒక పొరగా వేరుచేస్తే మిగతాదంతా మామూలు కంప్యూటర్‌లో జీసీసీ అనే ఉచిత కంపైలర్‌తో కంపైల్ అవుతుంది. లినక్స్ కెర్నల్‌లో 2008 నుంచి సాకెట్‌క్యాన్ అనే ఏర్పాటు ఉంది, దానితో వైరు లేకుండానే క్యాన్ నెట్‌వర్క్ ఒకటి సృష్టించుకోవచ్చు. బండి, బ్యాటరీ, రోడ్డు నమూనాలు పైథాన్‌లో రాసుకోవచ్చు. వేర్వేరు సరఫరాదారుల నమూనాలు కలపడానికి ఎఫ్‌ఎంఐ అనే ప్రమాణం 2010 నుంచి ఉంది. కోడ్‌లో ప్రతి మార్పుకూ మిస్రా నియమాల (భద్రమైన కోడ్ రాసే నియమాలు) తనిఖీ, చిన్న పరీక్షలు పది నిమిషాల్లో అయిపోవాలి, ఘాటీ పరుగులు రాత్రికి నడవాలి. అసలు కంట్రోలర్‌ను నమూనా బండికి కలిపి పరీక్షించే, లక్షలు పోసి కొనే హార్డ్‌వేర్ ఇన్ ద లూప్ యంత్రం చిన్న కంపెనీకి మొదటి రోజే అవసరం లేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కంప్యూటర్‌లో పాసైన కోడ్ చిప్‌లో తప్పు చేయొచ్చు. కంప్యూటర్‌లో పూర్ణాంకానికి 32 బిట్లు, కొన్ని చిన్న చిప్‌లలో 16. ప్యాక్ వోల్టేజ్ 51,200 మిల్లీవోల్టులు గుర్తు ఉన్న 16 బిట్లలో పట్టదు, మైనస్ 14,336 అయిపోతుంది. అందుకే అవే పరీక్షల్ని అసలు చిప్ ఉన్న డెవలప్‌మెంట్ బోర్డు మీద కూడా నడిపి, రెండు ఫలితాలూ పోల్చాలి.

కాలం లెక్కించే కౌంటర్లను విడిగా చూడాలి. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ 49.7 రోజులకు నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. బీఎంఎస్, జీపీఎస్ పెట్టె తాళం తీసినా నిద్రపోవు కాబట్టి వాటిలో అది నిజంగా జరుగుతుంది. రోడ్డు పరీక్షలో బండిని రెండు నెలలు ఆపకుండా ఎవరూ ఉంచరు. 2015లో బోయింగ్ 787 విమానాల్లో ఇదే జాతి లోపం తేలింది: 248 రోజులు ఆపకుండా కరెంటు మీద ఉంటే జనరేటర్ కంట్రోల్ యూనిట్లలోని కౌంటర్ నిండిపోయి అవి పనిచేయడం మానేస్తాయని అమెరికా విమానయాన సంస్థ ఆదేశం జారీచేసింది. సిమ్యులేషన్‌లో కౌంటర్‌ను నిండడానికి పది సెకన్ల ముందు నుంచి మొదలుపెడితే పని పది సెకన్లలో తేలిపోతుంది.

అలాగే పవర్ పోవడం. ఇక్కడ ఛార్జింగ్ మధ్యలో కరెంటు పోవడం కొత్త కాదు. మెమరీలో కిలోమీటర్లు, సెల్ లెక్కలు రాస్తున్న సమయంలో పవర్ పోతే సగం రాసిన అంకె మిగులుతుంది. కంప్యూటర్‌లో ప్రతి రాతకు ముందూ వెనకా ఒకసారి పవర్ తీసి, మళ్లీ లేచినప్పుడు పాతదో కొత్తదో, ఏదో ఒకటి సరిగ్గా ఉందా అని చూడొచ్చు. సెల్‌ఫోన్ సిగ్నల్ ద్వారా సాఫ్ట్‌వేర్ మార్చే పద్ధతి పెట్టేవాళ్లు డౌన్‌లోడ్‌ను ప్రతి శాతం దగ్గరా తెంపి చూడండి. ఘాటీలో మలుపు మలుపుకూ సిగ్నల్ పోతుంది. పాత సాఫ్ట్‌వేర్ ఒక చోట, కొత్తది ఇంకో చోట ఉంచుకుని, కొత్తది లేవకపోతే పాతదానికి తిరిగి వెళ్లే ఏర్పాటు లేని బండిని కొండ మీదికి పంపకండి.

పెద్ద కంపెనీలకూ ఇవి తప్పలేదు. 2010 ఫిబ్రవరిలో టొయోటా బ్రేక్ సాఫ్ట్‌వేర్ కోసం ప్రియస్, ఇతర హైబ్రిడ్ కార్లు నాలుగు లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. 2016లో జనరల్ మోటార్స్ ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ లోపంతో నలభై లక్షలకు పైగా వాహనాలు పిలిచింది. వాళ్లకు సర్వీస్ కేంద్రాల వల ఉంది, ఖర్చు తట్టుకున్నారు. మీ బండి మల్కన్‌గిరి దగ్గర ఆగితే దాన్ని వేరే బండి మీద జయపురమో విశాఖో తేవాలి. ఆ కిరాయి, ఆ రోజుల కూలి, ఫైనాన్స్ కిస్తీ అన్నీ డ్రైవర్ మీదే.

టైప్ అప్రూవల్ (బండి మోడల్‌కు అమ్మకానికి ముందు వచ్చే అనుమతి) వచ్చింది కదా అనే మాట మేము వింటుంటాం. 2022లో ఎలక్ట్రిక్ బండ్లు కాలిన తర్వాత, వాటి భద్రతకు మన దేశంలో ఉన్న ఏఐఎస్ 156 ప్రమాణంలో సెల్స్, బీఎంఎస్, ఛార్జర్, ప్యాక్‌లో మంట వ్యాపించడం గురించిన నిబంధనలు గట్టిపడ్డాయి. అవి 2022 డిసెంబర్ 1న కొంత, 2023 మార్చి 31న మిగతాది అమలులోకి వచ్చాయి. అవి కావలసినవే. కానీ అనుమతి పరీక్ష నిర్ణీత పరిస్థితుల్లో, ఆ రోజు తెచ్చిన బండి మీద జరుగుతుంది. నిండు బ్యాటరీ, చలి పొద్దు, ముందు నిండిన ఒక సెల్, 500 కిలోల సరుకు, పది కిలోమీటర్ల దిగుడు ఇవన్నీ ఒకేసారి కలిసే రోజును వెతికే బాధ్యత డిజైన్ చేసినవాళ్లదే. వాహనాల ఎలక్ట్రానిక్స్ భద్రతకు ఐఎస్‌ఓ 26262 ప్రమాణం 2011లో కార్లకు వచ్చింది, 2018లో లారీలు, బస్సులు, మోటార్‌సైకిళ్లకు విస్తరించింది. అందులోని ప్రమాద విశ్లేషణ పద్ధతి మూడు చక్రాల బండికీ చక్కగా సరిపోతుంది. పూర్తిగా పాటించలేకపోయినా ఆ ఒక్క భాగమైనా చేయండి.

మొదలుపెట్టిన చోట్ల ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. కోడ్ రాసినవాళ్లే పరీక్షా రాస్తే, అవసరాన్ని తప్పుగా అర్థం చేసుకున్నది రెండిటిలోనూ ఒకేలా ఉంటుంది, పరీక్ష పచ్చగా పాసవుతుంది. ఎరుపు వచ్చిన పరీక్షను తర్వాత చూద్దామని ఒకసారి వదిలితే వారం తిరిగేసరికి ఎవరూ ఆ వైపు చూడరు. ఎంత శాతం కోడ్ పరీక్షలో నడిచిందనే అంకె మీద మోజు పడి, ఏ ఫలితాన్నీ సరిచూడని పరీక్షలు వందలు రాసేవాళ్లున్నారు. అన్నిటికంటే చెడ్డది, బండి నమూనాను అసలు బండితో ఎన్నడూ సరిపోల్చకపోవడం. టైరులో గాలి తగ్గితే రాపిడి మారుతుంది, ఎక్కువ సరుకు వేస్తే మారుతుంది. చదును రోడ్డు మీద వేగం అందుకుని, మోటారు వదిలేసి, ఎంత సేపట్లో ఆగిందో కొలిచే కోస్ట్‌డౌన్ పరీక్షను ఖాళీ బండితోనూ నిండు బండితోనూ చేసి నమూనాను దిద్దుకోవాలి.

సిమ్యులేషన్‌కు అందనివీ ఉన్నాయి. కనెక్టర్ పిన్నుల అరుగుదల, మోటారు ఫేజ్ వైర్ల పక్కనే కట్టిన హాల్ సెన్సర్ వైరులోకి దూరే విద్యుత్ గోల (నాయిస్), ప్యాక్ పెట్టెలోకి చేరే తేమ బండి మీదే తేలుతాయి. సాఫ్ట్‌వేర్ తప్పులు ముందే ఏరేస్తే రోడ్డు పరీక్షకు ఉన్న కొద్ది వారాలూ వీటికి దక్కుతాయి. ఇప్పుడు ఆ వారాలు 40 తీసేయడం మరిచిపోయిన లాంటి తప్పులు వెతకడంలోనే పోతున్నాయి.

మా షెడ్లలో ఎక్కువగా వినబడే మాట ‘తాళం తీసి మళ్లీ పెడితే పోయింది’. లోపం ఆనవాలు లేకుండా పోతే మేము చేయగలిగింది లేదు, మీకు పంపడానికీ ఏమీ ఉండదు. చివరికి బాగున్న కంట్రోలర్‌ను మార్చేస్తారు. లోపం వచ్చిన క్షణానికి ఐదు సెకన్ల ముందు, ఐదు సెకన్ల తర్వాత ఉన్న అంకెల్ని బండి దాచుకోవాలి. 20 సిగ్నళ్లు, ఒక్కోటి రెండు బైట్లు, సెకనుకు పదిసార్లు, పది సెకన్లు: మొత్తం 4,000 బైట్లు. పదహారు లోపాలకు 64 కిలోబైట్లు సరిపోతాయి. ఈ చోటు చిప్ ఎంచుకునేటప్పుడే ఉంచాలి. ఆ రికార్డు చదవడానికి కంపెనీ వాళ్ల ప్రత్యేక పరికరం తప్పనిసరి చేయకండి. బండి లోపాలు చదవడానికి అందరూ వాడే యూడీఎస్ ప్రమాణంలో మామూలు క్యాన్ అడాప్టర్‌తో చదవనివ్వండి. చదివినదాన్ని మేము పంపితే, మీ రాత్రి పరుగుల్లో అది ఒక కొత్త పరీక్ష కావాలి. ఆ పరీక్ష పాసయ్యేదాకా తర్వాతి సాఫ్ట్‌వేర్ బయటికి రాకూడదు.

సరఫరాదారులతో రాసుకునే ఒప్పందంలో నాలుగు సంగతులు చేర్చండి. క్యాన్ సందేశాల ఫైలు వెర్షన్ నంబరుతో సహా, దానికి ఒక్కరే యజమాని. వాళ్ల సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో నడిచే రూపంలో ఒక లైబ్రరీ. ఏ సందేశం ఎంతసేపు రాకపోతే ఏం చేస్తారో పట్టిక. ఈ మూడూ అచ్చులకు డబ్బు కట్టే తేదీకి ముందే చేతికి రావాలనే షరతు. ఇది లేకుండా మిగతావి అడిగినా రావు.

రోడ్డు కొలతల విషయంలో మేము పని చేసి పెడతాం. ఘాటీల్లో జీపీఎస్ చూపే ఎత్తు ఊగిసలాడుతుంది, దాని నుంచి తీసిన వాలు నమ్మదగ్గది కాదు. అందుకే గాలి పీడనం కొలిచే సెన్సర్, వంపు కొలిచే సెన్సర్ పెట్టి, ఎక్కుడూ దిగుడూ రెండూ నడిపి, తిరిగి వచ్చిన చోట ఎత్తు కలిసిందో లేదో చూసి దిద్దాలి. ప్రతి పది మీటర్లకు వాలు, మలుపుల దగ్గర వేగం, తూకం వేసిన సరుకు బరువు, బ్యాటరీ కరెంటు, డ్రమ్ముల వేడి, సిగ్నల్ లేని చోట్లు ఇవన్నీ అందులో ఉండాలి. పొట్టంగి–సాలూరు, రాయగడ–పార్వతీపురం దారులతో మొదలుపెట్టొచ్చు. వానాకాలంలో ఒకసారి, జనవరి పొద్దున ఒకసారి, మే నెలలో ఒకసారి కొలవాలి. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, రాయగడ కాలేజీల్లో చదివే పిల్లలకు ఈ కొలతలు, ఆ తర్వాత పైథాన్‌లో పరీక్షలు రాయడం నేర్పితే ఇక్కడే చేయగలరు. డేటా మీకూ మీ పోటీదారులకూ అందరికీ ఒకేలా దొరకాలని మా షరతు, ఎందుకంటే దిగే రోడ్డు అందరికీ ఒకటే.

దీనికి మీరు ఇవ్వాల్సింది ఒక బండి, ఒక క్యాన్ లాగర్ (క్యాన్ సందేశాలు నమోదు చేసే పెట్టె), మీ సందేశాల ఫైలు, ఫలితాలు అందుకుని జవాబిచ్చే ఒక ఇంజనీరు. మీ తర్వాతి బండికి అవసరాల పత్రం మొదలయ్యే వారంలో ఆ ఇంజనీరును ఇక్కడికి పంపండి. దిగుడు పరుగులు 72 ఏవేవి ఉండాలో, ఒక్కోదానికి బండి ఏం చేయాలో డ్రైవర్లతో, మెకానిక్‌లతో కూర్చుని రాసుకుని వెళ్లొచ్చు.

ఇట్లు,
కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల తెలుగు ఆటో ఎలక్ట్రీషియన్లు, సర్వీస్ టెక్నీషియన్లు, సాఫ్ట్‌వేర్ టెస్టర్లు